సూరత్‌లో తొమ్మిది ఇండ్ల ఒడిబియ్యం

సూరత్ పోయి వచ్చానని తెలిసినప్పటి నుంచి మా వాడలో ఆడవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న: "చీరలెన్ని తెచ్చినవ్?" ఒక్కటి కూడా తేలేదంటే నమ్మడం లేదు. బీరువా తీసి చూపించమన్నవాళ్ళూ ఉన్నారు. నిజానికి నేనే ఇక్కణ్ణుంచి సూరత్‌కు ఒక చీర మోసుకుపోయాను. ఆ తెలివితక్కువ పని గురించి తర్వాత చెబుతాను. అక్కణ్ణుంచి నేను తెచ్చుకున్నది ఐదు పిడికిళ్ళ పసుపు బియ్యం. చీరల ధరల కోసం చదివేవాళ్ళకు ఈ రాత పెద్దగా పనికిరాదు.

మాది సిరిసిల్ల దగ్గర పల్లె. నేను అంగన్‌వాడీ టీచర్ను. నా భర్త మల్లేశం నోట్లో నాలుక లేని మనిషి, ఆ లోటు నేను తీరుస్తుంటాను. ఆయనకు ఒక్కతే చెల్లెలు, సుగుణ. ఆమె భర్త రాజేశం ఇరవై ఏళ్ళుగా సూరత్‌లో సాంచాలు నడుపుతున్నాడు. మరమగ్గాన్ని మేం సాంచ అంటాం. వాళ్ళకు ఒక కూతురు శిరీష, పదో తరగతి.

ఒడిబియ్యం తెలియనివాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. పెళ్ళయిన ఆడబిడ్డను మూడేళ్ళకో ఐదేళ్ళకో పుట్టింటికి పిలిచి, కొత్త చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం ఆమె కొంగులో పోస్తాం. బేసి సంవత్సరంలోనే పోయాలి, సరి సంవత్సరంలో పోయకూడదు. పోయించుకున్న ఆడబిడ్డ లేచేముందు ఐదు పిడికిళ్ళు తీసి పుట్టింట్లోనే వదిలిపోతుంది, ఆ ఇంటి సిరి అంతా తానే మూటగట్టుకుపోకుండా. సుగుణకు ఆఖరుసారి పోసింది మా అత్తమ్మ. అత్తమ్మ పోయాక సుగుణకు పుట్టిల్లంటే నేనే.

ఆ పుట్టిల్లు ఏం చేసిందో కూడా చెప్పాలి. మొదటి లాక్‌డౌన్ ఎండాకాలంలో సుగుణ ఫోన్ చేసింది. సాంచాలు బందయ్యాయి, ఊళ్ళకు రైళ్ళు వేస్తున్నారట. "వదినా, రావాల్నా?" అని అడిగింది. అప్పుడు నా పని ఇంటింటికీ తిరిగి, బయటి రాష్ట్రం నుంచి ఎవరొచ్చారో పుస్తకంలో పేర్లు రాయడం. పక్కింటివాళ్ళ కొడుకు బొంబాయి నుంచి వస్తే బడిలో పడుకోబెట్టమని గట్టిగా చెప్పింది నేనే. అలాంటి నా ఇంటికే సూరత్ నుంచి ముగ్గురు దిగితే ఊరు నన్నేమంటుంది? "ఇప్పుడొద్దు సుగుణా, జర ఆగు" అన్నాను. ఆమె సరేనని పెట్టేసింది. తర్వాత ఏడాదిన్నర తన చేత్తో ఫోన్ చేయలేదు. నేను చేస్తే రాజేశమో శిరీషో ఎత్తేవాళ్ళు.

రెండో ఏడు దసరా పోయింది, దీపావళి పోయింది. ఒడిబియ్యం పోసి ఐదేళ్ళు నిండుతున్నాయి. ఇంకో నెల దాటితే ఆరో ఏడు, అంటే సరి. "అది రాకపోతే మనమే పోదాం" అన్నాడు మల్లేశం. బియ్యం మూట నెత్తిన పెట్టుకొని పుట్టిల్లే ఆడబిడ్డ గడపకు నడవడం మా ఇంటా వంటా లేదు. కానీ వద్దన్న నోరు నాది. నడవాల్సిన కాళ్ళు కూడా నావే అనుకున్నాను. కరోనా సూదులు రెండూ వేయించుకున్నాం, చలికాలం మొదట్లో బయలుదేరాం.

బండిలో

వరంగల్‌లో బండి ఎక్కాం. మా చేను బియ్యం ఐదు సేర్లు తెల్లబట్టలో కట్టి, ముడికి పసుపు అద్దాను. ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, ఖర్జూరాలు, రవికె బట్ట, పన్నెండు వందలు పెట్టి కరీంనగర్‌లో కొన్న మెరుపు రాళ్ళ చీర వేరే సంచిలో.

ఎదుటి సీట్లో ఒక సూరత్ పెద్దాయన. మాస్కు గడ్డానికి తగిలించుకొని, అప్పడంలా పెళపెళలాడే ఖాఖ్రా అనే రొట్టెను మాకూ విరిచి ఇచ్చాడు. నా హిందీ టీవీ దగ్గర నేర్చింది, అయినా మూటలో ఏముందో చెప్పగలిగాను. "సూరత్‌లో బియ్యం దొరకవనుకున్నారా?" అని నవ్వాడు. సంగతంతా విన్నాక నవ్వడం ఆపాడు. వాళ్ళలో అక్క కూతురి పెళ్ళికి మేనమామలు బట్టలు, బంగారం పట్టుకొని ఊరేగింపుగా వస్తారట, దాన్ని మామేరు అంటారట. "గడప దగ్గర ముందు మాట దించండి. మూట తర్వాత దించుకోవచ్చు" అన్నాడు.

మంచి సలహా. నేను పాటించలేదు.

నందుర్‌బార్ దాటాక ఇంకో సంచిలో పసుపు పొట్లం పగిలింది. ఆ సంచి మల్లేశం తలకింద ఉంది. తెల్ల చొక్కా, మెడ, ఒక చెవి పచ్చగా చేసుకొని ఆయన సూరత్‌లో దిగాడు. స్టేషన్ బయట ఆటో అతను ఆయన్ని చూసి, పెళ్ళి ఏ హాల్లో అని అడిగాడు.

కోసాడ్

తాపీ నది దాటి అమ్రోలి మీదుగా కోసాడ్ పోవాలి. సర్కారు కట్టిన ఇండ్లు, ఒకే అచ్చులో పోసినట్టు వరసలు వరసలుగా. నంబరు తెలియకపోతే సొంత మొగుడు కూడా ఇల్లు తప్పిపోతాడు. సుగుణ వాళ్ళది మూడో అంతస్తు. నడవాకు అటూ ఇటూ తలుపులు. ఒక తలుపులోంచి ఆవాల పోపు, ఇంకో దాంట్లోంచి ఎండుచేప. ఒరియావాళ్ళు, మరాఠీవాళ్ళు, మనవాళ్ళు, గుజరాతీలు, అందరి చెప్పులూ ఒకే నడవాలో.

సుగుణ తలుపు తీసింది. సన్నబడింది. "వచ్చిండ్రా, కూసోండ్రి" అంది. పదిహేడేళ్ళు నన్ను నువ్వు అని పిలిచిన ఆడబిడ్డ ఇప్పుడు మీరు అంటోంది. అన్నకు వేన్నీళ్ళు పెట్టింది, చొక్కా సబ్బులో నానేసింది, నాకు మంచం మీద కొత్త దుప్పటి పరిచింది. ఒక్క మర్యాదా తక్కువ చేయలేదు. తిట్టినా బాగుండేది.

అన్నంలో పప్పు తియ్యగా ఉంది. "ఏంది సుగుణా, పప్పుల బెల్లం ఏసినవ్?" అన్నాను. పాత సుగుణ అయితే నా వంట మీద పది మాటలు విసిరేది. "ఇక్కడ గిట్లనే తింటం" అని చెప్పి పనిలో పడింది. ఆమె పని చీరలకు రాళ్ళు అతికించడం. మిల్లు నుంచి కట్టలు ఇంటికే వస్తాయి. ఇంట్లో ఎటు కాలు పెట్టినా చీరలే. తల వంచుకొని, కొసకు మైనం పెట్టిన పుల్లతో రాయి ఎత్తి జిగురు చుక్క మీద పెడుతుంది, మళ్ళీ ఎత్తుతుంది. ఎదురుగా కూర్చున్న నాకు ఆమె పాపిట మాత్రమే కనిపించింది.

మూటను పొయ్యిగట్టు పక్కన పెట్టాను. పసుపు ముడి చూసిన తెలంగాణ ఆడదానికి అదేమిటో చెప్పనక్కర లేదు. సుగుణ చూసింది. అడగలేదు. నేనూ చెప్పలేదు. రైలు ఆలస్యం గురించి మాత్రం చాలాసేపు మాట్లాడాను.

సాంచాల కాడ

రెండో రోజు రాజేశం మమ్మల్ని తన కార్ఖానాకు తీసుకుపోయాడు. సిరిసిల్ల దాన్ని కాబట్టి సాంచాల చప్పుడు నాకు కొత్త కాదనుకున్నాను. ఇక్కడ గుమ్మంలోనే పళ్ళు కదిలాయి. లోపల ఎవరూ మాట్లాడరు, పెదాలు, వేళ్ళు చూసి అర్థం చేసుకుంటారు. మా ఆయనకు సరిపోయే ఊరు. ఒక సాంచలో పోగు తెగితే సిరిసిల్ల సాంచాల మీద చెయ్యి తిరిగిన మల్లేశం ఎవరూ చెప్పకుండానే వంగి ముడేసి నడిపించేశాడు. మేస్త్రీ వచ్చి, రేపటి నుంచి పనికి వస్తావా అని సైగ చేశాడు. ఆయన ఆ రోజంతా ఆ సంతోషంలోనే ఉన్నాడు.

బయట టీ బండి దగ్గర రాజేశం ఫోన్లో ఫొటోలు చూపించాడు. వాళ్ళ ఏడాదంతా అందులో ఉంది. దీపావళికి సాంచాలన్నీ వారాల కొద్దీ బంద్, అప్పుడే మా ఊరికి వచ్చేది. హోలీకి పేలాలు, ఖర్జూరాలు. వానాకాలం తాపీ పొంగితే వంతెన మీద నిలబడి చూడటం. బిల్డింగ్ కింద బండ్లు పక్కకు జరిపి బతుకమ్మ, చుట్టూ తిరుగుతున్న ఒరియా ఆడవాళ్ళు. శరత్ పున్నమి మరునాడు ఊరంతా ఇంట్లో తిండి మానేసి ఫుట్‌పాత్‌ల మీద చాపలు వేసుకొని, నెయ్యి కారే ఘారీ మిఠాయి తింటుందట. ఆ ఫొటోలో సుగుణ నోటినిండా మిఠాయి పెట్టుకొని నవ్వుతోంది.

తర్వాత నడవా ఫొటో ఒకటి వచ్చింది. తలుపు తలుపుకూ ముందు నేల మీద గిన్నెలు. ఒక గిన్నెలో అన్నం, ఒకదాంట్లో పప్పు, ఒకదాంట్లో నాలుగు ఆలుగడ్డలు. సుగుణ గోడకు ఆనుకొని కూర్చుంది.

"ఇదెప్పటిది అన్నా?" అన్నాను.

"ఆ ఎండకాలందే చెల్లె. ఎవరింట్ల ఏముంటే గది బయట పెట్టేది. లేనోళ్ళు తీస్కునేది. మేము చానా దినాలు తీస్కున్నం" అన్నాడు రాజేశం, మామూలుగా.

టీ గ్లాసు బండి మీద పెట్టేశాను. ఇంటికి పోగానే సుగుణ చేతులు పట్టుకొని తప్పయిందని చెప్పాలనుకున్నాను. పోయాక, ఇక్కడ చలి మన దగ్గరకన్నా తక్కువే కదా అన్నాను.

ఊస బియ్యం

మూడో రోజు పొద్దున శిరీష మమ్మల్ని పోంక్ తినడానికి తీసుకుపోయింది. పచ్చి జొన్న కంకులు నిప్పుల్లో కాల్చి, కొట్టి రాల్చిన గింజలు. అంటే మన ఊస బియ్యమే. మా చేలల్లో పిల్లలు ఊరికే తిని ఒడిలో పోసుకునేవి, ఇక్కడ కిలో ఐదు వందల పైమాట. మిరియాల కారప్పూస, నిమ్మకాయ పిండి, చక్కెర గుళికలు కలిపి ఇస్తారు. "మామీ, థోడా నిమ్మకాయ పిండు, బహు సరస్ లాగే" అంది పిల్ల, చాలా బాగుంటుందని, ఒక ముక్కలో మూడు భాషలు. తర్వాత లోచో అని ఇంకోటి తిన్నాం. ఆవిరి మీద ఉడికించిన శనగపప్పు పిండి, గట్టిపడకముందే గీకి నూనె, కారం చల్లి ఇస్తారు. చూడటానికి చెడిపోయిన ఇడ్లీ, తింటే రెండో ప్లేటు అడుగుతాం. మల్లేశం మూడోది అడిగాడు.

ఇంటికి తిరిగి వచ్చేసరికి పొయ్యిగట్టు పక్కన మూట లేదు. తెల్లబట్ట ఉతికి, మడిచి, కిటికీలో పెట్టి ఉంది.

ఖాళీ బట్ట

"బియ్యమేవి సుగుణా?" అన్నాను.

"పంచిన." రాయి అతికిస్తూనే చెప్పింది. "ఊరి నుంచి ఎవలింటికి ఏమొచ్చినా ఇక్కడ గిన్నెడు గిన్నెడు పంచుకుంటం. తొమ్మిదిండ్లకు ఇచ్చిన."

"అవి దేనికి తెచ్చిన బియ్యమో నీకు తెల్వదా?"

"తెలుసు." పుల్ల కింద పెట్టి అప్పుడు తలెత్తింది. "ఆ ఎండకాలం నా ఒడి నింపింది ఈ ఇండ్లు. పుట్టింటి బియ్యమొస్తే మొదలు వీళ్ళే తినాలె. మీరు చెప్పుండ్రి, తప్పా?"

మల్లేశం సంచిలో బట్టలు సర్దడం మొదలుపెట్టాడు. రాజేశం ఆయన చెయ్యి పట్టుకున్నాడు. నాకు ముందు కోపం వచ్చింది. రెండు రోజులు రైల్లో కాపాడుకొచ్చిన బియ్యం, చెప్పకుండా పంచుతుందా అని. ఆ కోపం ఎక్కువసేపు నిలవలేదు. ఆమె చేసిందాంట్లో తప్పు లేదు. బియ్యం చేరాల్సిన చోటికే చేరింది. ఇప్పుడు నా చేతిలో ఏమీ లేదు, నెలాఖరుకు ఈ బేసి ఏడు దాటిపోతుంది, మళ్ళీ బేసి ఏడు వచ్చేదాకా ఆగినా ఆమె నా గడప తొక్కుతుందన్న నమ్మకం లేదు.

పొయ్యిగట్టు కింద స్టీలు గిన్నె ఒకటి కనబడింది. తీసుకొని బయటికి నడిచాను.

తొమ్మిది తలుపులు

తలుపులు తట్టడం నాకు అలవాటే, ఏళ్ళ తరబడి అదే ఉద్యోగం. కాకపోతే ఎప్పుడూ పుస్తకం పట్టుకొని తట్టాను. గిన్నె పట్టుకొని తట్టడం అదే మొదలు.

ఎదురిల్లు నర్సవ్వది. జగిత్యాల వైపు మనిషి, ఆమె, ఆమె పెనిమిటి సూరత్ వచ్చి ముప్పై ఏళ్ళు. "ఏం గావాలె బిడ్డా?" అంది.

"నేను సుగుణ వదినను అవ్వా. ఆ ఎండకాలం దాన్ని రావద్దన్నది నేనే. ఇప్పుడు ఒడిబియ్యం పొయ్యనీకి వచ్చిన. తెచ్చినయ్ మీకు చేరినయ్. నాకు మీ ఇంటి బియ్యం గింతన్ని పెట్టుండ్రి."

చెప్పలేక మూడు రోజులు మింగిన మాట, ముక్కూ మొహం తెలియని మనిషి ముందు ఒక్క గుక్కలో వచ్చేసింది. నర్సవ్వ నా చేతిలో గిన్నె అందుకుంది. "మీ బియ్యం ఇందాకనే వండుకొని తిన్నం. మంచిగున్నయ్" అంది. లోపలికి పోయి గిన్నెలో సగం నింపింది.

ప్రతి తలుపు దగ్గరా అదే చెప్పాను. తెలుగిళ్ళలో తెలుగులో, మిగతా ఇళ్ళలో శిరీషను వెంట పెట్టుకొని హిందీలో. ఒరియా ఇంట్లో ఆమెకు ఏ భాషా అందలేదు. ఖాళీ గిన్నె చూసి అది ఆకలి అనుకుంది. రెండు దోసిళ్ళు ఉప్పుడు బియ్యం పోసి, మీద రెండు ఆలుగడ్డలు కూడా పెట్టింది. ఆ ఫొటోలోని ఆలుగడ్డలు ఎవరివో నాకప్పుడు తెలిసింది. అక్కడే నడవాలో నిలబడి ఏడ్చాను, దాచుకోలేదు.

చివరి తలుపు జ్యోత్స్నాబెన్‌ది. గుజరాతీ ఆమె. ఒడి నింపుతామనగానే నా బుగ్గలు పట్టుకొని ముద్దు చేసి, కొబ్బరికాయ తెచ్చి, సుగుణకు ఎన్నో నెల అని అడిగింది. వాళ్ళలో ఒడి నింపేది సీమంతానికి. శిరీష నవ్వు ఆపుకొని చెప్పేలోపే మాట మెట్లు దిగిపోయింది. సాయంత్రానికి రాజేశానికి కింది నుంచి ముగ్గురు శుభాకాంక్షలు చెప్పారు. పాపం, ఆయన భయపడి సుగుణ వైపు చూశాడు.

గిన్నె మూడుసార్లు నిండింది. కోలం బియ్యం, ఉప్పుడు బియ్యం, రేషన్ బియ్యం, మనవాళ్ళ దొడ్డు బియ్యం. ఇంకా వండని రెండు ఇండ్లవాళ్ళు మా చేను బియ్యమే తిరిగి ఇచ్చారు. నర్సవ్వ ఇంట్లో చాప మీద పోసి పసుపు, నెయ్యి పట్టించాను. కలిపాక ఏ గింజ ఎవరిదో నేను కూడా చెప్పలేకపోయాను.

ఎనిమిది అడుగులు

నాలుగో రోజు పొద్దున. ఒడిబియ్యం పుట్టింట్లో పోయాలి. "మా ఇల్లు లేదా? ఇయ్యాల ఇదే దాని పుట్టిల్లు" అని నర్సవ్వ ఇల్లు కడిగి గడపకు పసుపు రాసింది. సుగుణ గడప నుంచి ఆ గడపకు ఎనిమిది అడుగులు. నేను కొలిచాను, ఎందుకంటే ఆమె వస్తుందో రాదో ఎవరికీ తెలియదు.

నడవా నిండా జనం, ముఖాలకు మాస్కులు. సుగుణ తన గడపలో నిలబడింది, చేతిలో ఇంకా ఆ పుల్ల ఉంది. నేను ఎదురుగా పోయాను.

"సుగుణా, తప్పు నాది. ఊరికి భయపడ్డ" అన్నాను. "ఆనాడు ఫోన్ల అనాల్సిన మాట ఇయ్యాల అంటున్న. రా."

ఆమె కళ్ళు నిండాయి. పుల్లను శిరీషకిచ్చి గడప దాటింది.

పీట మీద కూర్చోబెట్టి, పాదాలకు పసుపు రాసి, కొత్త చీర చేతిలో పెట్టాను. అంచు తిప్పి చూసింది, రాళ్ళు గోటితో తడిమింది. "వదినా, ఎంతకు తెచ్చినవ్?"

"పన్నెండు వందలు."

"ఇది ఇక్కడిదే. ఈ రాళ్ళు మా బిల్డింగ్‌లనే అతికించినం. నాలుగు వందల యాభైకి కింద దొరుకుతది." అని నవ్వింది. మొదట ఆమె, తర్వాత నర్సవ్వ, తర్వాత నడవా అంతా. సూరత్ చీరను కరీంనగర్‌లో కొని సూరత్‌కే మోసుకొచ్చిన మనిషి నేనొక్కదాన్నే అయి ఉంటాను. అంత సంతోషంగా నేనెప్పుడూ నవ్వులపాలు కాలేదు.

మల్లేశం, నేను దోసిళ్ళతో ఐదుసార్లు పోశాం. తర్వాత నర్సవ్వ, ఒరియా ఆమె, జ్యోత్స్నాబెన్, తొమ్మిది ఇండ్ల ఆడవాళ్ళూ మళ్ళీ ఎవరి బియ్యం వాళ్ళు తెచ్చి పోశారు. ఐదు సేర్లు అనుకున్నది పది దాటింది. కొంగు ముడేశాక సుగుణ లేవలేకపోయింది. అన్న ఒకవైపు, పెనిమిటి ఒకవైపు పట్టి లేపితే, జ్యోత్స్నాబెన్ జాగ్రత్త జాగ్రత్త అని అరిచింది. సీమంతం కాదంటే ఆమె ఇంకా నమ్మలేదు.

ఇక ఐదు పిడికిళ్ళు. పోసిన ఇంట్లోనే వదలాలి కదా. సుగుణ నర్సవ్వ బియ్యం డబ్బా మూత తీసి లెక్కపెట్టి ఐదు పిడికిళ్ళు వేసింది. న్యాయమే. ఆ ఇంటికే చెందాలి. నేను పళ్ళెం సర్దుకుంటూ ముఖం పక్కకు తిప్పుకున్నాను.

"వదినా, నీ కొంగు పట్టు" అంది సుగుణ.

పట్టాను. మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టింది. ఐదో పిడికిలి పోసేటప్పుడు కొంచెం ఎక్కువే పోసింది.

ఇంటికి వచ్చాక

ఆ పసుపు బియ్యాన్ని మా బియ్యం డబ్బాలో ఒక మూలకు పోశాను. మల్లేశం రోజూ మూత తీసి చూస్తాడు. మాటలు లేని మనిషి చూపులతోనే సరిపెట్టుకుంటాడు.

కొత్త సంవత్సరం రాగానే టీవీలో మళ్ళీ కేసులు మొదలయ్యాయి. ఊళ్ళో పేర్లు రాసే పుస్తకం మళ్ళీ నా చేతికి వచ్చింది. ఈసారి నేనే ముందు ఫోన్ చేశాను. సుగుణే ఎత్తింది.

"ఇక్కడ మల్ల బంద్ పెడ్తరంటున్నరు వదినా" అంది. నవ్వు గొంతులో పెట్టుకొని అడిగింది. "రావాల్నా?"

"నీ పిడికిళ్ళ బియ్యం డబ్బాలనే ఉన్నయ్. నువ్వొచ్చినంకనే వండుత. బయలెల్లు" అన్నాను.

ఫోన్ పెట్టేసి పుస్తకం తెరిచాను. బయటి రాష్ట్రం నుంచి వచ్చేవాళ్ళు అన్న పేజీలో మొదటి గీత మీద సుగుణ పేరు రాశాను. ఎక్కడ ఉంటారు అన్నచోట మా ఇంటి నంబరు వేశాను.